కాపురానికి వెళ్ళమని కోర్టు చెప్పవచ్చా?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మన ఇళ్ళల్లో "కాపురం" అన్న మాటకున్నంత బరువు ఇంకో మాటకు లేదు. పెళ్ళి నాలుగు రోజుల సందడి. కాపురం జీవితమంతా. అమ్మాయిని కాపురానికి పంపించారు అంటారు, కాపురం చక్కగా చేసుకుంటోంది అంటారు, కాపురం చెడగొట్టుకుంది అంటారు. ఆడపిల్ల గురించి నలుగురూ చెప్పుకునే మంచీ చెడూ అంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. అంత సొంత విషయంలోకి సర్కారు వచ్చి, "అమ్మాయీ, నువ్వు వెళ్ళి ఫలానా ఇంట్లో ఫలానా మనిషితో కలిసి వుండు" అని ఉత్తర్వు వెయ్యవచ్చా? వెయ్యవచ్చు. మన దేశంలో అలాంటి చట్టం వుంది. ఇవాళ దాన్ని గురించే మీతో నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

నేను లాయర్ని కాను. పదో తరగతితో చదువు ఆపి, సంసారం చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు పేపర్లూ పుస్తకాలూ తిరగేసే గృహిణిని. కాబట్టి లాయర్ల భాష వదిలేసి మన భాషలోనే చెప్పుకుందాం.

1955లో వచ్చిన హిందూ వివాహ చట్టంలో 9వ సెక్షను వుంది. దాని పేరు కాస్త నోరు తిరగదు - దాంపత్య హక్కుల పునరుద్ధరణ. అర్థం మాత్రం సులువే. భార్యాభర్తల్లో ఒకరు సరైన కారణం లేకుండా రెండో వారిని విడిచి వేరుగా వుంటుంటే, ఆ రెండో వారు కోర్టుకు వెళ్ళి "మా ఆవిణ్ణి కాపురానికి పంపించండి" అనో, "మా ఆయన్ని నాతో వుండమనండి" అనో అడగవచ్చు. చెప్పిన మాట నిజమేనని కోర్టుకు తోస్తే అలాగే డిక్రీ ఇస్తుంది. ఇది హిందువులకు మాత్రమే కాదు. క్రైస్తవుల విడాకుల చట్టంలో వుంది, పార్శీల చట్టంలో వుంది, రిజిస్టరు పెళ్ళిళ్ళ కోసం 1954లో చేసిన ప్రత్యేక వివాహ చట్టంలోనూ వుంది. ముస్లిం దంపతులు కూడా ఇలాంటి దావా వేసుకోవచ్చు.

"అయితే తప్పేముంది? కోర్టువారు పెద్దమనుషుల్లాగా కలిపి పంపిస్తున్నారు, మంచిదే కదా" అని మీలో కొందరికి అనిపించవచ్చు. అనిపించడం సహజమే. ఎందుకంటే ఈ చట్టం మన పెద్దల నుంచి, మన ఆచారం నుంచి వచ్చిందని అనుకుంటాం. నిజానికి ఇది ఇంగ్లండు సరుకు. అక్కడ ఒకప్పుడు పెళ్ళి తగాదాలన్నీ చర్చి కోర్టులు చూసేవి. పెళ్ళితో భార్యాభర్తలు ఒకటే మనిషి అయిపోయారు గనక విడిగా వుండే హక్కు ఎవరికీ లేదు, వెళ్ళి కలిసి వుండండి అని ఆ కోర్టులు ఆజ్ఞాపించేవి. తెల్లవాళ్ళ పరిపాలనతోపాటు ఆ దావా కూడా మన కోర్టుల్లోకి వచ్చి కూచుంది. చిత్రమేమిటంటే, 1970లో ఇంగ్లండు దాన్ని రద్దు చేసుకుంది. ఇచ్చినవాళ్ళు వదిలేసుకున్నారు, పుచ్చుకున్న మనం భద్రంగా దాచుకున్నాం.

ఈ దావా ఒక ఆడపిల్ల బతుకును ఎంతవరకు తీసుకువెళ్ళగలదో తెలియాలంటే రఖ్మాబాయి కథ చెప్పుకోవాలి. ఆమె 1864లో బొంబాయిలో పుట్టింది. పదకొండేళ్ళకు పెళ్ళి చేశారు. పెళ్ళయినా పుట్టింట్లోనే వుండి చదువుకుంది. పెద్దదయ్యాక, తెలిసీ తెలియని వయసులో తన ఇష్టంతో పని లేకుండా చేసిన ఆ పెళ్ళిని ఒప్పుకోను, ఆ ఇంటికి వెళ్ళను అంది. 1884లో భర్త బొంబాయి హైకోర్టులో దావా వేశాడు. 1885లో జస్టిస్ పిన్‌హే ఆమె పక్షాన తీర్పు చెప్పాడు. ఇలాంటి దావాకు హిందూ ధర్మశాస్త్రంలో ఆధారం లేదు, ఇది ఇంగ్లండు నుంచి వచ్చింది, ఇష్టంలేని స్త్రీని కోర్టు బలవంతంగా పంపడం అనాగరికం అన్నాడాయన. దేశమంతా గగ్గోలు పుట్టింది. అప్పీలులో ఆ తీర్పు నిలవలేదు. 1887లో జస్టిస్ ఫారన్ ఇంకో తీర్పు ఇచ్చాడు - నెల రోజుల్లో భర్త దగ్గరికి వెళ్ళాలి, వెళ్ళకపోతే ఆరు నెలలు జైలు. అందుకు ఆ ఇరవై రెండేళ్ళ అమ్మాయి జైలుకే వెళతానని చెప్పింది. చివరికి 1888లో రెండు వేల రూపాయలు భర్తకు ఇచ్చేటట్టు రాజీ కుదిరింది. తరవాత ఆమె లండను వెళ్ళి వైద్యం చదివి, తిరిగి వచ్చి సూరత్‌లోనూ రాజకోటలోనూ ఎన్నో ఏళ్ళు ఆడవాళ్ళకు వైద్యం చేసింది.

ఇక్కడొక విషయం గమనించండి. రఖ్మాబాయిని భర్త దగ్గరికి పంపాల్సిందేనని పట్టుబట్టిన వాళ్ళలో బాలగంగాధర తిలక్ వంటి పెద్దలు, వారి పత్రికలు వున్నారు. సర్కారు కోర్టు ఆ పిల్లను శిక్షించవచ్చునంటే వారికి అభ్యంతరం లేకపోయింది. మూడేళ్ళు తిరగకుండా 1891లో సమ్మతి వయస్సు చట్టం వచ్చింది. ఆడపిల్లకు పన్నెండేళ్ళు నిండకుండా భర్త అయినా ఆమెను తాకరాదని చెప్పే చట్టమది. అంతకు ముందు ఆ హద్దు పదేళ్ళు. అప్పుడు తిలక్ గారు ఏమన్నారు? మా ఇంటి విషయాల్లో, మా మతాచారాల్లో పరాయి సర్కారు జోక్యం పనికిరాదన్నారు. అంటే పసిపిల్లను కాపాడ్డానికి వచ్చే సర్కారు గడప బయటే ఆగాలి. తప్పించుకు వెళ్ళిన పిల్లను పట్టి తెచ్చే సర్కారు మాత్రం లోపలికి రావచ్చు. తిలక్ గారి దేశభక్తిని ఎవరూ శంకించరు. కాని ఈ రెండు నాల్కల ధోరణి ఆయనతో పోలేదు. మన సంఘంలో ఇప్పటికీ వుంది. దెబ్బలు తిన్న అమ్మాయి పోలీస్ స్టేషనుకు వెళితే "ఇంటి గుట్టు రచ్చకెక్కించింది" అంటారు. అదే అమ్మాయి పుట్టింటికి వచ్చేస్తే "కోర్టు నోటీసు ఇప్పించండి, దారికి వస్తుంది" అంటారు.

రఖ్మాబాయి 1955 సెప్టెంబరులో కన్నుమూసింది. అదే ఏడాది మే నెలలో, ఏ దావా మీద ఆమె జైలుకు సిద్ధపడిందో ఆ దావా హిందూ వివాహ చట్టంలో 9వ సెక్షనుగా మన సొంత పార్లమెంటు చేతుల మీదుగా అమలులోకి వచ్చింది. జైలు శిక్ష మటుకు 1923లోనే తీసేశారు.

ఇప్పుడు మన తెలుగునాటికి వద్దాం. 1983లో హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి గారు ఇచ్చిన ఒక తీర్పు దేశమంతా చర్చకు వచ్చింది. లా కాలేజీల్లో ఇప్పటికీ దాన్ని పాఠంగా చెబుతారు. ఆ కేసు సినీనటి సరితది. 1975లో, ఆమె పదహారేళ్ళ వయసులో హైస్కూలు చదువుతుండగా, తిరుపతిలో పెళ్ళి జరిగింది. కొద్దికాలానికే ఇద్దరూ విడిపోయారు. ఆమె సినిమాల్లో పేరు తెచ్చుకున్నాక, భర్త కడప కోర్టులో 9వ సెక్షను కింద పిటిషను వేశాడు. ఆ కోర్టుకు కేసు వినే అధికారం లేదంటూ ఆమె హైకోర్టుకు వచ్చింది. జస్టిస్ చౌదరి గారు అంతటితో ఆగకుండా అసలు ఈ సెక్షనే మన రాజ్యాంగానికి నిలుస్తుందా అని చూశారు. నిలవదని కొట్టేశారు.

ఆయన చెప్పిన కారణాలు మనం తెలుసుకోదగ్గవి. కలిసి వుండమని డిక్రీ ఇవ్వడమంటే ఒకే చూరు కింద నిద్రపొమ్మని చెప్పడం మాత్రమే కాదు. ఇష్టంలేని స్త్రీ తన శరీరాన్ని అప్పగించాలని సర్కారు ఆజ్ఞాపించడమే. బిడ్డను కనాలా వద్దా, ఎప్పుడు కనాలి, ఎవరివల్ల కనాలి అనేది స్త్రీ సొంత నిర్ణయం. డిక్రీతో ఆ నిర్ణయం ఆమె చేతిలోంచి జారిపోతుంది. రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో మనిషి గౌరవం, ఏకాంతం కూడా వున్నాయి కదా అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. ఈ చట్టం పైకి ఆడామగా ఇద్దరికీ సమానమే. కాని కలిసి వున్నందువల్ల మగవాడి జీవితం పెద్దగా మారదు. నెల తప్పితే ఆడదాని జీవితం మొత్తం మారిపోతుంది. కనుక ఆ సమానత్వం కాగితం మీదే అన్నారు. ఇన్నేళ్ళు కాపురాలు చేసిన మనకు ఇందులో కొత్తగా నేర్చుకునేది లేదు. కాని ఒక హైకోర్టు తీర్పులో ఆ మాట చోటు చేసుకోవడం కొత్త.

అదే సంవత్సరం ఢిల్లీ హైకోర్టు ఇంకో కేసులో దీనికి పూర్తిగా ఎదురు చెప్పింది. ఇంట్లోకి రాజ్యాంగాన్ని తీసుకురావడమంటే పింగాణీ సామాను దుకాణంలోకి ఆంబోతును తోలడమే, సంసారాలు ముక్కలైపోతాయి అని ఆ తీర్పు భావం. బాగానే వుంది. కాని నాకొక సందేహం. రాజ్యాంగం గడప దాటి లోపలికి రాకూడదు సరే, మరి కోర్టు డిక్రీ ఎలా వస్తోంది? అదీ సర్కారుదే కదా! 1891 నాటి మాటే మళ్ళీ వినిపించడం లేదూ?

1984లో సుప్రీంకోర్టు ఈ వివాదానికి ముగింపు పలికింది. 9వ సెక్షను చెల్లుతుందంది. దంపతులు కలిసి వుండడమనే హక్కు పెళ్ళిలోనే ఇమిడి వుంది, సంసారాలు విచ్ఛిన్నం కాకుండా చూడడమే ఈ సెక్షను ఉద్దేశం, మాట వినకపోతే ఆస్తి జప్తు తప్ప బలవంతం ఏమీ లేదు కదా అన్నది ఆ తీర్పు. మంచి ఉద్దేశమే. కాని పాలు పెరుగు కావాలంటే ఆ గోరువెచ్చదనం వుండాలి, తోడు వెయ్యాలి. పొద్దుటికల్లా తోడుకోవాలని కాగితం రాసి గిన్నె పక్కన పెడితే తోడుకుంటుందా?

సుప్రీంకోర్టుకు వెళ్ళిన ఆ కేసులోనే ఇంకో సంగతి వుంది. మొదట 9వ సెక్షను కింద కోర్టుకు వెళ్ళింది భర్త కాదు, భార్య! తనను ఇంట్లోంచి పంపేశాడు, తిరిగి చేర్చుకోమనండి అని అడిగింది. అతను సరేనన్నాడు, డిక్రీ వచ్చింది. ఏడాది దాటాక అతనే కోర్టుకు వచ్చి "డిక్రీ వచ్చినా మేము కలిసి వుండలేదు, నాకు విడాకులు ఇప్పించండి" అన్నాడు. చివరికి విడాకులే దక్కాయి. కాపురం కావాలని వెళ్ళినామె ఒంటరిగా మిగిలింది. అది ఎలా సాధ్యమంటే, డిక్రీ వచ్చాక ఒక సంవత్సరం దాకా కలిసి వుండకపోతే, ఇద్దరిలో ఎవరైనా సరే, దాన్నే కారణంగా చూపి విడాకులు అడగవచ్చునని ఆ చట్టంలోనే 13వ సెక్షనులో వుంది. అందుకే చాలా కేసుల్లో ఈ పిటిషను కాపురం కోసం కాదు, విడాకులకు మొదటి మెట్టుగా వేస్తారు.

అలాగని ఈ సెక్షనును వాడుకున్న ఆడవాళ్ళను తప్పుపట్టను. మొగుడు వదిలేసిన మనిషికి చేతిలో ఉద్యోగం లేదు, పేరు మీద ఇల్లు లేదు, పుట్టింట్లో అన్నావదినల ముఖం చూడాలి. ఆమెకు కాపురమంటే ప్రేమ ఒక్కటే కాదు, అన్నం, నీడ, నలుగురిలో మర్యాద. ఆమె కోర్టును అడిగేది నిజంగా ఆ మూడూ. స్వేచ్ఛ, స్వేచ్ఛ అని మనం ఎంత చెప్పినా, వెళ్ళడానికి ఇంకో చూరు లేని మనిషికి ఆ మాట ఎండమావే. కాబట్టి కాపురానికి రమ్మనే ఉత్తర్వు పోవాలంటే, దానికి బదులుగా అన్నానికీ నీడకూ చట్టంలో చోటుండాలి. ఆ చోటు ఇప్పుడు కొంత వుంది. దాన్ని తెలుసుకోవడమే మనకు ముఖ్యం.

కనుక ఇలాంటి కేసు ఎవరికైనా ఎదురైతే ఏం చెయ్యాలో కాస్త వివరంగా చెబుతాను.

మొదటిది, కోర్టు నుంచి సమను వస్తే భయపడి బీరువాలో దాచవద్దు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మనం వెళ్ళకపోతే అవతలి వారి మాట ఒక్కటే విని కోర్టు ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చేస్తుంది. వేరుగా వుండడానికి మనకున్న కారణం చెప్పుకునే అవకాశం పోతుంది. ఆ కారణం రుజువు చేసుకోవలసిన భారం వేరుగా వెళ్ళిన వారి మీదే వుంటుంది గనక ఆస్పత్రి చీటీలు, ఉత్తరాలు, ఫోనులో వచ్చిన మెసేజీలు, ఫిర్యాదు ఇచ్చిన రసీదులు జాగ్రత్త చేసుకోవాలి.

రెండోది ఖర్చు. హిందూ వివాహ చట్టం 24వ సెక్షను ప్రకారం, సంపాదన లేనివారు కేసు నడిచినంతకాలం భరణం, కోర్టు ఖర్చులు రెండో వారి నుంచి ఇప్పించమని అడగవచ్చు. లాయరును పెట్టుకునే స్తోమత లేదనుకుంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేసినా సలహా చెబుతారు.

మూడోది దూరం. భర్త ఎక్కడో దూరపు ఊళ్ళో కేసు వేస్తే, వాయిదా వాయిదాకూ పిల్లల్ని వేసుకుని తిరగలేమని చెప్పి, మనమున్న ఊరి కోర్టుకు మార్చమని అడగవచ్చు. ఒకే రాష్ట్రంలో అయితే హైకోర్టును, వేరే రాష్ట్రం అయితే సుప్రీంకోర్టును అడగాలి.

నాలుగోది ఉద్యోగం. భార్య ఉద్యోగం మానేసి భర్త వున్న ఊరికే వచ్చి తీరాలని ఒకప్పుడు కొన్ని కోర్టులు అనేవి. 1978లో ఢిల్లీ హైకోర్టు, టీచరుగా పనిచేస్తున్న ఒకావిడ కేసులో, కాపురం ఎక్కడ పెట్టాలో నిర్ణయించే హక్కు భర్త ఒక్కడిదే కాదని చెప్పింది.

ఐదోది, అన్నిటికన్నా ముఖ్యమైంది భరణం. "కోర్టు కాపురానికి వెళ్ళమంది, నువ్వు వెళ్ళలేదు, నీకు భరణం లేదు" అని బెదిరిస్తుంటారు. 2025 జనవరి 10న సుప్రీంకోర్టు దీని మీద స్పష్టంగా తీర్పు ఇచ్చింది. జార్ఖండ్ నుంచి వచ్చిన కేసు అది. భర్త డిక్రీ తెచ్చుకున్నాడు, భార్య వెళ్ళలేదు. అత్తవారింట్లో మరుగుదొడ్డి కూడా వాడుకోనివ్వలేదని ఆమె చెప్పుకుంది. డిక్రీ వున్నంత మాత్రాన భరణం పోదు, వెళ్ళకపోవడానికి తగిన కారణం వుందా లేదా అన్నది చూడాలి అని చెప్పి, నెలకు 10,000 రూపాయల భరణాన్ని సుప్రీంకోర్టు పునరుద్ధరించింది. ఈ భరణం ఇదివరకు 125వ సెక్షను కింద అడిగేవాళ్ళం. 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో అదే 144వ సెక్షను.

ఇక నీడ సంగతి. 2005లో గృహహింస నిరోధక చట్టం వచ్చింది. ఇల్లు భర్త పేరున వున్నా, అత్తమామల పేరున వున్నా, కాపురమున్న ఇంట్లో వుండే హక్కు భార్యకు వుందని ఆ చట్టం చెబుతుంది. ఇంట్లోంచి గెంటకుండా, కొట్టకుండా, దగ్గరికి రాకుండా కోర్టు ఉత్తర్వు ఇస్తుంది. 181 నంబరుకు ఫోను చేస్తే సహాయం దొరుకుతుంది. చూశారా, ఇదీ సర్కారు ఇంట్లోకి రావడమే. కాని ఈ రాకలో తేడా వుంది. ఇక్కడ సర్కారు "నిన్ను ఎవరూ కొట్టకూడదు, గెంటకూడదు" అంటోంది. 9వ సెక్షనులో "నువ్వు ఫలానా మనిషితో వుండు" అంటోంది. మొదటిది గొడుగు పట్టడం, రెండోది పలుపు వెయ్యడం.

పలుపు అనడం ఎక్కువ కాదా అంటారేమో. మన శిక్షాస్మృతి పద్దెనిమిదేళ్ళు నిండిన భార్య మీద భర్త చేసే బలవంతాన్ని అత్యాచారంగా లెక్క వెయ్యదు. 2023లో కొత్త శిక్షాస్మృతి రాసినప్పుడు కూడా ఆ మినహాయింపును అలాగే వుంచారు. ఒక పక్క వెళ్ళి కలిసి వుండమని డిక్రీ, ఇంకో పక్క వెళ్ళాక ఏం జరిగినా అత్యాచారం కాదనే చట్టం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. జస్టిస్ చౌదరి గారు 1983లో దేనికి ఉలిక్కిపడ్డారో తెలుస్తుంది.

ఆయన మాట వృథా పోలేదు. ఏకాంతం ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. మరుసటి ఏడాది లా కమిషన్ కుటుంబ చట్టాల మీద తయారుచేసిన పత్రంలో 9వ సెక్షను తీసెయ్యడమే మేలన్నది. 2019లో కొందరు లా విద్యార్థులు ఆ సెక్షనును సవాలు చేస్తూ సుప్రీంకోర్టు తలుపు తట్టారు.

కోర్టులు ఏమన్నా, మన వీధిలో వుండే కోర్టు వేరే వుంది. దానికి జడ్జీలం మనమే. పక్కింటి అమ్మాయి పెట్టెతో దిగితే "ఎప్పుడు వెళతావమ్మా?" అని మొదటి ప్రశ్న వేసేది ఎవరు? ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక, తగిలిన దెబ్బలు కొంగుచాటున దాచుకుని వెనక్కి వెళ్ళినవాళ్ళు ఎందరో వున్నారు. వాళ్ళకు ఏ డిక్రీ అవసరం లేకపోయింది. చట్టం మారడం మన చేతిలో లేకపోవచ్చు, ఆ ప్రశ్న మానుకోవడం మన చేతిలోనే వుంది. "ఎందుకు వచ్చావమ్మా? నీకేం కావాలి?" అని అడుగుదాం. వెళతానంటే ధైర్యం చెప్పి పంపుదాం. వెళ్ళనంటే కూచోబెట్టి అన్నం పెట్టి, న్యాయసేవాధికార సంస్థ ఎక్కడుందో దారి చూపిద్దాం. వెళ్ళడమా, వుండడమా అన్నది మాత్రం ఆ అమ్మాయినే తేల్చుకోనిద్దాం.